ఆస్తి పంపకానికి ముందుచూపు: పుదుచ్చేరిలో వీలునామా రాసేవారు తెలుసుకోవలసిన విషయాలు

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తర దిశలో, సముద్రాన్ని ఆనుకొని ఉన్న మత్స్యకారుల పేట కురుచికుప్పం. చోళమండల తీరంలో ‘కుప్పం’ అనే మాట సముద్రపు ఒడ్డున వెలసిన పల్లెకు పేరు. ఇటువంటి పేటలలో ఒక కుటుంబపు ఆస్తి ఒకే రూపంలో ఉండదు. ఇరుకు వీధిలోని ఇల్లు, ఫైబరు పడవలో వాటా, వలలు, ఇంజను, బ్యాంకు డిపాజిట్లు, ఇల్లాలి నగలు, బీమా పాలసీ, కొందరి విషయంలో ఫ్రాన్సులో స్థిరపడిన బంధువులు పంపిన సొమ్ముతో కొన్న స్థలం, ఇవన్నీ కలిస్తేనే ఆ కుటుంబపు ఆస్తి అవుతుంది. ఉద్యోగాల కోసం, చదువుల కోసం యానాం నుంచి పుదుచ్చేరికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వీటితో పాటు గోదావరి తీరాన కూడా ఇల్లో, పొలమో ఉండవచ్చు.

యజమాని మరణించిన తరువాత ఈ ఆస్తి ఎవరికి చెందాలి? ఈ ప్రశ్నకు జవాబు ఆయన జీవించి ఉండగానే, స్వయంగా, చట్టానికి లోబడి రాసి ఉంచినదే వీలునామా. దానిని మరణశాసనం అని కూడా అంటారు. న్యాయవాది సహాయంతో ఆస్తుల జాబితా సిద్ధం చేయడం, వీలునామా రాయడం, నామినీల పేర్లు సరిచూడడం, అనారోగ్యంలో నిర్ణయాలు ఎవరు తీసుకోవాలో తేల్చడం, ఇవన్నీ కలిపితే అది ఆస్తి ప్రణాళిక. సంపన్నులకే ఇది అవసరమన్న అభిప్రాయం సరికాదు. ఒకే ఒక ఇల్లు ఉన్న కుటుంబంలో ఆ ఇంటి మీదనే తగాదా వస్తే అందరికీ నిలువ నీడ లేకుండా పోతుంది.

వీలునామా లేకపోతే ఏమవుతుంది?

హిందువుల విషయంలో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. పురుషుడు వీలునామా రాయకుండా మరణిస్తే ఆయన స్వార్జితం మొదటి తరగతి వారసులకు సమానంగా చెందుతుంది. భార్య, తల్లి, కుమారులు, కుమార్తెలు ఈ తరగతిలో ఉంటారు. ఉదాహరణకు భార్య, వృద్ధురాలైన తల్లి, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్న మత్స్యకారుడు మరణిస్తే ఆస్తి అయిదు సమాన భాగాలవుతుంది. తండ్రితో కలిసి పడవ మీద వెళ్లే కుమారునికి గాని, తల్లిని చూసుకునే కుమార్తెకు గాని చట్టం ప్రత్యేక భాగం ఇవ్వదు. పెళ్లయిన కుమార్తెకు వాటా లేదని పెద్దలు తేల్చినా చట్టం దృష్టిలో ఆ మాట చెల్లదు.

స్త్రీల విషయంలో నియమం వేరు. సంతానం గాని, భర్త గాని లేని హిందూ స్త్రీ వీలునామా లేకుండా మరణిస్తే, ఆమె స్వార్జితం ముందుగా భర్త వారసులకు వెళుతుంది. వారు లేనప్పుడే ఆమె తల్లిదండ్రులకు చెందుతుంది. తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన ఆస్తి మాత్రం తండ్రి వారసులకు చేరుతుంది. ఈ నియమం ఎంత కఠినంగా పరిణమించగలదో 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక వివాదం చూపింది. పెళ్లయిన కొద్ది నెలలకే భర్తను కోల్పోయి, పుట్టింట చేరి, చదువుకొని, ఉద్యోగం చేసిన ఒక మహిళ వీలునామా రాయకుండా మరణించారు. ఆమె కూడబెట్టిన సొమ్ము ఆమెను ఆదరించిన పుట్టింటివారికి దక్కలేదు. భర్త సోదరి కుమారులకు చెందుతుందని న్యాయస్థానం తీర్పునిచ్చింది. చట్టం స్పష్టంగా ఉన్నప్పుడు సానుభూతితో తీర్పు చెప్పలేమన్నది ఆ తీర్పు సారాంశం. వీలునామా ఉండి ఉంటే ఫలితం వేరుగా ఉండేది. అందువల్ల ఒంటరి మహిళలు, వితంతువులు, సంతానం లేని దంపతులు ఈ విషయంలో ఆలస్యం చేయరాదు.

పుదుచ్చేరికి ఉన్న ప్రత్యేకత

పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్నాయి. ఆ ఏడాది నవంబరు 1న పరిపాలన భారతదేశానికి బదిలీ కాగా, 1962 ఆగస్టు 16న చట్టబద్ధమైన విలీనం పూర్తయింది. ఈ చరిత్ర ఆస్తి వ్యవహారాలలో నేటికీ కనిపిస్తుంది.

1881 సెప్టెంబరు 21 నాటి ఫ్రెంచి డిక్రీ ప్రకారం స్థానికులు తమ మత, కుల ఆచార న్యాయాన్ని వదులుకొని ఫ్రెంచి పౌర స్మృతిని స్వీకరించే వీలు కలిగింది. అలా స్వీకరించినవారిని ‘రెనోన్సాంట్లు’ అంటారు. ఆ పరిత్యాగం వారి సంతతికీ వర్తిస్తుంది. భారతీయ చట్టాలను పుదుచ్చేరికి విస్తరింపజేసినప్పుడు హిందూ వారసత్వ చట్టం రెనోన్సాంట్లకు వర్తించదని ప్రత్యేకంగా పేర్కొన్నారు.

దీని ప్రభావం చిన్నది కాదు. ఫ్రెంచి పౌర స్మృతి సంప్రదాయంలో సంతానానికి కొంత భాగం తప్పనిసరిగా కేటాయించి ఉంటుంది. ఒక బిడ్డ ఉంటే ఆస్తిలో సగం, ఇద్దరుంటే మూడో వంతు, ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే నాలుగో వంతు మాత్రమే యజమాని తన ఇష్టానుసారం ఇవ్వగలరు. మిగిలినది సంతానపు హక్కు. హిందూ వారసత్వ చట్టం కింద స్వార్జితాన్ని పూర్తిగా ఎవరికైనా రాయవచ్చు. ముస్లింల వ్యక్తిగత న్యాయంలో, ఇతర వారసుల సమ్మతి లేకుండా, వీలునామా ద్వారా ఇవ్వగలిగినది మూడో వంతు వరకే. ఒకే వీధిలో పక్కపక్కనే నివసించే మూడు కుటుంబాలకు మూడు వేర్వేరు నియమాలు వర్తించవచ్చునన్న మాట. కనుక తన కుటుంబానికి ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకోవడం మొదటి మెట్టు. తాతముత్తాతల జనన, వివాహ పత్రాలు ఉంటే న్యాయవాదికి చూపాలి. ఫ్రెంచి పౌరసత్వం ఉన్నవారు, ఫ్రాన్సులో ఆస్తి ఉన్నవారు అక్కడి నోటరీ సలహా కూడా తీసుకోవడం మేలు. ఫ్రెంచి నోటరీ ఆస్తి దస్తావేజులను రూపొందించే న్యాయ నిపుణుడు. 1952 చట్టం కింద మన దేశంలో పత్రాలను ధృవీకరించే నోటరీ వేరు.

పూర్వీకుల ఆస్తి, కుమార్తెల హక్కు

వీలునామా ద్వారా తనది కానిదానిని ఇవ్వడం ఎవరికీ సాధ్యం కాదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో హిందువు తన వాటాను మాత్రమే రాయగలడు. కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే సవరణ తెచ్చింది. తమిళనాడులో అది 1989 నుంచి అమలయింది. యానాం తెలుగు ప్రాంతమే అయినా పుదుచ్చేరిలో అంతర్భాగం కనుక ఆంధ్ర సవరణ అక్కడ వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ దేశమంతటితో పాటు పుదుచ్చేరికీ వర్తించింది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉన్నారా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా కుమార్తెకు ఈ హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న స్పష్టం చేసింది. అయితే ఫ్రెంచి కాలపు హిందూ ఆచార న్యాయంలో కుమారులకు పుట్టుకతో హక్కు లేదన్న వాదన పుదుచ్చేరి ఆస్తి వివాదాలలో న్యాయస్థానాల ముందుకు వచ్చింది. అందుచేత పాత ఆస్తి ఎప్పుడు, ఎవరి నుంచి, ఎలా సంక్రమించిందో దస్తావేజులతో సహా పరిశీలించిన తరువాతనే వీలునామా రాయాలి.

వీలునామా ద్వారా ఆస్తి ఎంతవరకు ఇవ్వవచ్చునన్న ప్రశ్న తెలుగు నేలకు కొత్త కాదు. యానాంకు సమీపంలోని పిఠాపురం సంస్థానాన్ని వీలునామా ద్వారా సొంత కుమారునికి ఇవ్వడాన్ని దత్తపుత్రుడు సవాలు చేయగా, ఆ వివాదం లండనులోని ప్రివీ కౌన్సిల్ వరకు వెళ్లింది. విభజనకు లోబడని సంస్థానాన్ని వీలునామా ద్వారా ఇచ్చే అధికారం రాజాకు ఉందని 1899లో తీర్పు వెలువడింది. సంస్థానాలు పోయినా, ఆనాటి ప్రశ్న ఈనాటి చిన్న ఇంటి విషయంలోనూ అదే: రాసినవారికి రాసే హక్కు ఉందా?

చెల్లుబాటుకు కావలసినవి

1925 నాటి భారతీయ వారసత్వ చట్టంలోని 63వ సెక్షను ప్రకారం వీలునామాకు మూడు అంశాలు ముఖ్యం. రాసినవారు సంతకం చేయాలి, లేదా వేలిముద్ర వేయాలి. చేయలేని స్థితిలో ఉంటే వారి ఎదుట, వారి ఆదేశం మేరకు మరొకరు సంతకం చేయవచ్చు. ఆ సంతకం వీలునామాకు ఆమోదంగానే చేసినట్లు కనిపించాలి. కనీసం ఇద్దరు సాక్షులు, రాసినవారు సంతకం చేయడాన్ని చూసి గాని, తానే చేశానని వారు చెప్పగా విని గాని, వారి సమక్షంలో సంతకాలు చేయాలి. మైనారిటీ తీరి, స్వస్థచిత్తంతో ఉన్న ఎవరైనా వీలునామా రాయవచ్చు. స్టాంపు కాగితం అవసరం లేదు, తెల్లకాగితం చాలు.

ఆస్తి పొందేవారిని గాని, వారి జీవిత భాగస్వామిని గాని సాక్షిగా పెట్టకపోవడం క్షేమకరం. సాక్షులు రాసినవారి కంటే చిన్న వయసువారై, సులభంగా దొరికేవారై ఉండాలి. వీలునామాను న్యాయస్థానంలో నిరూపించవలసి వస్తే, జీవించి ఉన్న సాక్షులలో కనీసం ఒకరిని విచారించాలని సాక్ష్య చట్టం చెబుతోంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ నియమాన్ని కొనసాగించింది.

వీలునామా చుట్టూ అనుమానాస్పద పరిస్థితులు ఉంటే, వాటిని తొలగించే బాధ్యత వీలునామా మీద ఆధారపడేవారిదేనని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది. వణుకుతున్న సంతకం, కారణం చెప్పకుండా భార్యాబిడ్డలను విడిచిపెట్టడం, ఆస్తి పొందేవారే దగ్గరుండి రాయించడం అటువంటి పరిస్థితులు. అందుకే ఒక బిడ్డకు తక్కువ, మరొకరికి ఎక్కువ ఇస్తున్నప్పుడు ఆ కారణాన్ని ఒకటి రెండు వాక్యాలలో వీలునామాలోనే రాయడం మంచిది. ‘పెద్ద కుమారునికి పడవ కొనడానికి సొమ్ము ఇదివరకే ఇచ్చాను, కనుక ఇల్లు కుమార్తెకు ఇస్తున్నాను’ అన్న చిన్న వివరణ తరువాతి కాలంలో పెద్ద వివాదాన్ని నివారించగలదు. రాసేవారు వృద్ధులైతే అదే రోజు వైద్యుని నుంచి మానసిక స్థితిపై ధృవీకరణ పత్రం తీసుకోవాలని న్యాయవాదులు సూచిస్తారు.

తెలుగులో రాయవచ్చునా?

రాయవచ్చు. వీలునామా ఫలానా భాషలోనే ఉండాలన్న నియమం లేదు. రాసేవారికి బాగా తెలిసిన భాషలో ఉండడమే మేలు. అయితే రిజిస్ట్రేషన్ విషయంలో ఒక మెలిక ఉంది. ఆ జిల్లాలో సాధారణంగా వాడుకలో లేని, అధికారికి అర్థం కాని భాషలో పత్రం ఉంటే, దానితో పాటు స్థానిక భాషలో యథార్థ అనువాదాన్ని, ఒక నకలును జతపరచాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 19వ సెక్షను చెబుతోంది. యానాంలో తెలుగు వీలునామాకు ఈ ఇబ్బంది ఉండదు. పుదుచ్చేరి పట్టణంలో రిజిస్టరు చేయించేవారు తమిళ అనువాదాన్ని సిద్ధం చేసుకోవలసి రావచ్చు. తమిళంలోనో, ఆంగ్లంలోనో న్యాయవాది రాసిన ముసాయిదా మీద ఆ భాష రానివారు సంతకం చేస్తుంటే, దానిని తెలుగులో చదివి వినిపించినట్లు, అర్థం చేసుకున్న తరువాతనే సంతకం చేసినట్లు అందులోనే నమోదు చేయించాలి.

వీలునామా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాని పత్రం పోయిందని, మార్చారని వచ్చే వివాదాలకు అది అడ్డుకట్ట వేస్తుంది. దానపత్రాన్ని ఆస్తి ఉన్న పరిధిలోని కార్యాలయంలో రిజిస్టరు చేయాలి. వీలునామాకు ఆ నిర్బంధం లేదు. యానాంలోని ఇంటిని కూడా చేర్చిన వీలునామాను పుదుచ్చేరిలోనే రిజిస్టరు చేయించుకోవచ్చు. సీలు వేసిన కవరులో రిజిస్ట్రారు వద్ద భద్రపరిచే సౌకర్యమూ చట్టంలో ఉంది. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చవచ్చు, చివరిదే చెల్లుతుంది. ముందుది రిజిస్టరు అయినా, సక్రమంగా రాసిన తరువాతి వీలునామా రిజిస్టరు కాకపోయినా ఇదే నియమం.

దానపత్రమా, వీలునామా?

వీలునామా మరణానంతరమే అమలులోకి వస్తుంది. అంతవరకు ఆస్తి యజమానిదే. దానపత్రం లేదా సెటిల్‌మెంటు దస్తావేజు రిజిస్టరు అయిన నాటి నుంచే ఆస్తి చేతులు మారుతుంది. బిడ్డల మీది నమ్మకంతో ఇల్లు రాసి ఇచ్చి, తరువాత నిరాదరణకు గురైన వృద్ధుల కోసం 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షను ఉంది. తమను పోషించాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినప్పుడు, ట్రిబ్యునల్ ద్వారా తిరిగి పొందవచ్చు. ఆ షరతును దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవడం అత్యవసరం. చాలామందికి దానపత్రం కంటే వీలునామాయే క్షేమకరం. పవర్ ఆఫ్ అటార్నీ మరణానంతర ఏర్పాటు కాదు. ఇచ్చినవారు మరణించడంతోనే సాధారణంగా అది రద్దవుతుంది.

నామినీ అంటే వారసుడేనా?

ఎక్కువ మంది పొరబడే చోటు ఇది. బ్యాంకు ఖాతాకు నామినీగా ఉన్నవారు సొమ్మును అందుకునేవారే తప్ప, దానికి హక్కుదారులు కానవసరం లేదు. కంపెనీ వాటాల విషయంలోనూ నామినేషన్ వారసత్వాన్ని మార్చదని సుప్రీంకోర్టు 2023 డిసెంబరు 14న తీర్పునిచ్చింది. బీమాలో మాత్రం 2015 సవరణ తరువాత తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, సంతానం నామినీలైతే వారికి ఆ సొమ్ముపై లబ్ధి హక్కు ఉంటుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు కలిగింది. వారికి వాటాల శాతాలు కూడా నిర్ణయించవచ్చు. వీలునామాలో ఒకరి పేరు, నామినేషన్‌లో మరొకరి పేరు ఉంటే తగాదాకు దారితీస్తుంది. రెండింటినీ ఒకేసారి సరిచూడాలి.

పదేళ్ల పాటు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి చేరుతాయి. అయినా వారసులు వాటిని తిరిగి కోరవచ్చు. అటువంటి ఖాతాలను వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ‘ఉద్గమ్’ పోర్టల్‌ను ప్రారంభించింది. ఇంటిపెద్ద తన ఖాతాల వివరాలను ఒక పుస్తకంలో రాసి ఉంచితే ఈ వెతుకులాట అవసరం ఉండదు.

న్యాయవాది వద్దకు వెళ్లేముందు

ఆస్తి దస్తావేజులు, పట్టా, పన్ను రసీదులు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, పడవ రిజిస్ట్రేషన్ పత్రాలు, బ్యాంకు, బీమా వివరాలు, అప్పుల జాబితా, కుటుంబ సభ్యుల గుర్తింపు పత్రాలు వెంట తీసుకువెళ్లాలి. పడవలో భాగస్వాములు ఉంటే ఎవరి పెట్టుబడి ఎంత, ఇంజను ఎవరిది, వలలు ఎవరివి అన్నది వారి సంతకాలతో కాగితం మీద ఉండాలి. నోటి మాట మీద నడిచే వాటా, ఆ మాట ఇచ్చినవారు పోయిన తరువాత నిలబడడం కష్టం. ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలాలకు, 2004 సునామీ అనంతరం పథకాల కింద పొందిన ఇళ్లకు బదిలీపై షరతులు ఉండవచ్చు. తీరప్రాంత క్రమబద్ధీకరణ నిబంధనలు సముద్రానికి దగ్గరగా ఉన్న స్థలాలలో కొత్త నిర్మాణాలను పరిమితం చేస్తాయి. స్థలాన్ని ముక్కలుగా పంచితే ఎవరికీ ఇల్లు కట్టుకునే వీలు లేకుండా పోవచ్చు కనుక ఈ సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి.

న్యాయవాదిని అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. తమకు ఏ చట్టం వర్తిస్తుంది? ఏ ఆస్తి స్వార్జితం, ఏది ఉమ్మడిది? ప్రొబేట్ అవసరమవుతుందా? మైనరు పిల్లల వాటాను ఎవరు చూడాలి? రుసుము ఎంత, అందులో రిజిస్ట్రేషన్ ఖర్చులు చేరి ఉన్నాయా? వీలునామాను అమలు పరిచే నిర్వాహకునిగా నమ్మకస్తుడైన ఒకరిని, ఆయన అందుబాటులో లేకపోతే మరొకరిని పేర్కొనాలి. ఆస్తి పొందవలసిన వ్యక్తి ముందే మరణిస్తే ఆ వాటా ఎవరికి వెళ్లాలో కూడా రాయాలి. భార్యకు జీవితాంతం నివసించే హక్కు ఇచ్చి, తరువాత ఇల్లు బిడ్డలకు ఇవ్వదలచినవారు ఆ మాటను అనుమానానికి తావులేకుండా రాయించుకోవాలి. ‘భార్యకు ఇస్తున్నాను, ఆమె తరువాత పిల్లలకు’ అన్న అస్పష్టమైన వాక్యాలు ఎన్నో దావాలకు మూలం.

మన దేశంలో మరణానంతర ఎస్టేటు సుంకం 1985లో రద్దయింది. వారసత్వంగా లేదా వీలునామా ద్వారా వచ్చిన ఆస్తి ఆదాయపు పన్ను కిందికి రాదు. దానిని తరువాత అమ్మితే వచ్చే లాభంపై మాత్రం పన్ను వర్తించవచ్చు.

తీవ్ర అనారోగ్యంలో కోలుకునే అవకాశం లేనప్పుడు ఎటువంటి చికిత్స వద్దో ముందుగా రాసి ఉంచే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో ఆ ప్రక్రియను సులభతరం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధృవీకరింపజేస్తే చాలు. ఇది ఆస్తి వీలునామా నుంచి వేరుగా ఉండవలసిన పత్రం. వీలునామాను మరణానంతరం తెరుస్తారు. దీని అవసరం అంతకు ముందే వస్తుంది.

ఖర్చు భరించలేనివారికి

న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, దివ్యాంగులు, నిర్దేశిత పరిమితికి లోబడిన ఆదాయం ఉన్నవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయ పరిమితి లేదు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంత న్యాయ సేవల అధికార సంస్థను సంప్రదించవచ్చు. జాతీయ సహాయ నంబరు 15100.

వీలునామా పూర్తయిన తరువాత అసలు ప్రతి ఎక్కడ ఉందో నిర్వాహకునికి తెలియజేయాలి. బ్యాంకు లాకరు తన ఒక్కరి పేరుతోనే ఉంటే అందులో పెట్టకపోవడం మంచిది. లాకరు తెరవడానికే వారసులు తమ హక్కును చూపవలసి వస్తుంది. బిడ్డ పుట్టినా, పెళ్లి జరిగినా, ఆస్తి కొన్నా, అమ్మినా, సాక్షులలో ఎవరైనా మరణించినా వీలునామాను మళ్లీ చదువుకోవాలి. సముద్రం మీదికి వెళ్లే ముందు ఇంజను, ఇంధనం, వాతావరణ హెచ్చరిక చూసుకోవడం కురుచికుప్పం వంటి పేటలలో నిత్యకృత్యం. ఇంటి దస్తావేజులను, నామినీల పేర్లను, వీలునామాను ఏడాదికి ఒకసారి అంతే శ్రద్ధతో చూసుకుంటే, వెనుక ఉన్నవారు కచేరీల చుట్టూ తిరగవలసిన అవసరం చాలా వరకు తప్పుతుంది.